తాడు బిగిస్తే పడవ పరిగెత్తదండీ: డింగీ తాళ్ల మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం కూడా అదే జరిగింది. కాకినాడ ఒడ్డున డింగీలు (చిన్న తెరచాప పడవలు) నీళ్లలోకి దింపబోతుంటే ఒక పిల్లాడి నాన్నగారు వచ్చారు. వాడు కట్టిన తాళ్లన్నీ ఒక్కొక్కటీ పట్టుకుని బలంకొద్దీ లాగి, క్లీట్లలో (తాడును కరిచి పట్టే బిళ్లల్లో) బిగించి, "ఇప్పుడు చూడండి మాస్టారూ, వీణ తీగల్లా ఉన్నాయి" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. ధాన్యం లారీలకు మోకులు కట్టిన చేతులవి. బస్తాల మీద తాడు కదిలితే సరుకు రోడ్డు మీద పడుతుంది. తెరచాప తాడు కదలకపోతే మనం నీళ్లలో పడతాం.

అపోహ: తాళ్లు ఎంత బిగిస్తే పడవ అంత వేగం.

పదిమందికి తొమ్మిదిమంది దీనితోనే వస్తారు. ఏ తాడు ఏం చేస్తుందో చూస్తే సగం అనుమానం పోతుంది. అవుట్‌హాల్ అనే తాడు తెరచాప కింది భాగం లోతును మారుస్తుంది. కన్నింగ్‌హామ్ అనే తాడు తెరచాప ముందు అంచును కిందికి లాగి దాని బొజ్జను, అంటే గాలికి ఉబ్బే భాగాన్ని, ముందుకు జరుపుతుంది, పైన వెనక అంచు తెరుచుకునేలా చేసి ఎక్కువైన గాలిని వదిలేస్తుంది. వాంగ్ అనే తాడు బూమ్‌ని (తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్రని) పైకి లేవనివ్వదు, వెనక అంచును బిగబడుతుంది, లేజర్ లాంటి పడవలో మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) కూడా వంచుతుంది. మూడూ బిగించేస్తే తెరచాప పలకలా తయారవుతుంది. ఈడ్చి కొట్టే గాలిలో ఆ పలకే కావాలి. ఓ మాదిరి గాలిలో మాత్రం బొజ్జ లేని తెరచాపకు లాగే బలం ఉండదు. అప్పుడు బూమ్ మధ్యలో తెరచాపకీ బూమ్‌కీ బెత్తెడు సందు ఉండనివ్వండి.

పైగా మన దగ్గర గాలి పూటపూటకీ మారుతుంది. పొద్దున్న నేల మీంచి వచ్చే గాలి నీరసంగా, ఆగి ఆగి వీస్తుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి అందుకుంటుంది. తొమ్మిదింటికి ఒడ్డున పెట్టిన బిగింపు మధ్యాహ్నం రెండింటికి ఎందుకూ పనికిరాదు.

నేను దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కొత్తలో ఒక రేసులో గాలికి ఎదురు వెళ్తూ వాంగ్‌ని పళ్లు బిగించి లాగాను. అక్కడికి సరే. పై బోయ (గాలి వచ్చే వైపున తేలే రేసు గుర్తు) చుట్టి పడవను తిప్పబోయాను, బూమ్‌ని లోపలికి లాగి పట్టే మెయిన్‌షీట్ తాడు వదిలాను. బూమ్ పక్కకి పోయింది గానీ పైకి లేవలేదు, వాంగ్ పట్టుకుని ఉందిగా! పడవ కాస్త ఒరిగేసరికి బూమ్ కొస నీళ్లలో దిగబడింది. ఇక షీట్ ఎంత వదిలినా బూమ్ కదలదు, తెరచాపలో గాలి పోదు, చుక్కాని మాట వినదు. నిండు రేసులో అందరి ముందూ బోల్తా. తిరగబోయే ముందే వాంగ్ కొంచెం వదిలి ఉంటే సరిపోయేది.

ఈ కథ విన్న ఒక కుర్రాడు మర్నాడు గాలి వెనక నుంచి కొడుతుంటే వాంగ్ మొత్తం వదిలేశాడు. తెరచాప పైభాగం మెలితిరిగి మాస్ట్ ముందుకు తెరుచుకుంది, పడవ గాలి వచ్చే వైపుకే దొర్లింది. "మీరే వదలమన్నారు కదండీ" అన్నాడు. వదలమన్నాను బాబూ, విడిచిపెట్టెయ్యమనలేదు.

అందుకే నా దగ్గర తాళ్లు కట్టడానికి పరీక్ష ఒక్కటే. పడవ ముక్కు గాలికి పెట్టి, తాళ్లన్నీ క్లీట్లలోంచి తీసి, బూమ్‌ని చేత్తో పైకెత్తండి. వాంగ్ తాడు దానంతట అదే పరిగెత్తాలి. ఒడ్డున పరిగెత్తని తాడు నీళ్ల మీద అస్సలు పరిగెత్తదు. ఎందుకు ఆగుతుందంటే మిగతా అపోహల వల్లే.

అపోహ: కప్పీలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది.

8 రెట్లు లాగే వాంగ్ అనుకోండి. చేత్తో 10 కిలోల బలం పెడితే లెక్కకి 80 వస్తుంది, రాపిడి అందులో కొంత తినేస్తుంది. బాగానే ఉంది. కానీ అవతల 5 సెంటీమీటర్లు వదలాలంటే మీ చేతి దగ్గర 40 సెంటీమీటర్ల తాడు కప్పీలన్నిట్లోంచీ వెనక్కి పోవాలి. అందులో లావు తాడు ఎక్కించారంటే ఇక కదిలినట్టే.

అపోహ: వల తాడు చాలు, లావుగా ఉంటే ఇంకా గట్టిది.

నైలాన్ వల తాడు సాగుతుంది. లంగరుకి ఆ సాగుడే వరం, అల కుదుపును మింగేస్తుంది. వాంగ్‌కి అదే శాపం. గాలి దెబ్బ తగిలినప్పుడే తాడు సాగి, మీరు పెట్టిన బిగింపు కాస్తా పోతుంది. ఈ తాళ్లకు 4, 5 మిల్లీమీటర్ల డైనీమా, అంటే పెద్దగా సాగని తాడు, కొనుక్కోండి. అయితే అది జారుడు సరుకు, ముడి దగ్గర తోక పొడుగ్గా వదలాలి. క్లీట్ కరిచే చోట పైన పాలిస్టర్ తొడుగు ఉన్నదైతే మేలు. ప్రతి తాడు చివరా ఎనిమిదంకె ముడి వెయ్యండి, లేకపోతే వదిలిన తాడు కప్పీలోంచి పూర్తిగా బయటికొచ్చేస్తుంది.

అపోహ: కప్పీ బిగుసుకుంటే కొబ్బరి నూనె.

దయచేసి వద్దు! గోదావరి ఒండ్రు, ఇసుక ఆ నూనెకు అంటుకుని లోపలి బేరింగ్ గుండ్లను పట్టేస్తాయి. ప్లాస్టిక్ గుండ్ల కప్పీకి నూనె అవసరమే లేదు. దిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగితే ఉప్పూ బురదా పోతాయి.

అపోహ: షీట్ అంటే తెరచాప గుడ్డ.

కాదు, దాన్ని అదుపు చేసే తాడు. కన్నింగ్‌హామ్ అయితే మనిషి పేరు. బ్రిగ్స్ కన్నింగ్‌హామ్, 1958లో కొలంబియా పడవతో అమెరికా కప్ అనే తెరచాప పడవల పందెం గెలిచినాయన. ఒక పిల్ల తాతగారు ఇది విని, "కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, ఈ దొర తాడు కట్టాడా" అన్నారు.

అపోహ: షీట్‌ని చేతికి చుట్టుకుంటే జారిపోదు.

నిజమే, జారదు. బోల్తా పడినప్పుడు కూడా జారదు, ప్రమాదమంతా అదే. ఎప్పుడూ చుట్టుకోవద్దు, ఎక్కడా ముడేసి కట్టెయ్యొద్దు. పడవ ఒరిగిపోతే పట్టు వదలడమే. పడవ డొల్లలో గాలి మూసేసి ఉంటుంది కాబట్టి డింగీ తేలుతూనే ఉంటుంది. షీట్, వాంగ్ వదిలేశాకే నిలబెట్టాలి, లేదంటే లేచిన పడవ మళ్లీ గాలి పట్టి పడుతుంది. బోల్తాలో మాస్ట్ ఊడి రాకుండా దాన్ని పడవకు చిన్న తాడుతో కట్టి ఉంచడం మరవకండి.

"తాడు మా అమ్మాయి కాలికి చుట్టుకుంటేనో?" అని ఒకావిడ నన్ను మూడు వారాలు వరసగా అడిగారు. పక్కనున్నవాళ్లు నవ్వారు గానీ, ఒడ్డున నాకు వచ్చిన ప్రశ్నల్లో సరైనది అదొక్కటే. కాళ్ల దగ్గర తాడు చుట్టలు లేకుండా చూసుకోవడం, ఎక్కువైన తాడు కత్తిరించుకోవడం, ఇదే జవాబు. ఆ పిల్ల వాంగ్ తాడు కొలిచి చూస్తే మూరన్నర ఎక్కువుంది. అప్పటికప్పుడే కోయించేశాం.