పగిలిన మాట, అందని మాట

మా కావలి, కందుకూరు వైపు ఇప్పుడు చాలా ఇళ్లలో ఫోన్ల నిండా పెద్దవాళ్ల గొంతులున్నాయి. ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పనికి పోయిన అవ్వ చెప్పిన కబుర్లు, రాములవారి గుడి దగ్గర మైకులో తాత మాట్లాడిన మాటలు, పెళ్లిలో ఎవరో పెద్దాయన దీవిస్తూ చెప్పిన నాలుగు ముక్కలు. కొన్నాళ్లకు తీసి వింటే ఒకచోట మాట అందదు, ఇంకోచోట చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంది. "ఏదన్నా సాఫ్ట్‌వేర్‌లో పెట్టి బాగుచెయ్యరాదా" అని నన్ను అడిగేవాళ్లు ఈ రెండూ ఒకటే జబ్బనుకుంటారు. అందని మాట ఫైల్లోనే ఉంటుంది, దాన్ని పైకి తెచ్చుకోవచ్చు. పగిలిన మాటలో మాత్రం కొంత భాగం రికార్డయిన క్షణంలోనే పోయింది, ఇక మనం పెట్టేది ఊహే. ఈ తేడా తెలియక మంచి రికార్డింగు పనికిరాదని చెరిపేసుకున్న ఇళ్లున్నాయి. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మాట్లాడేటప్పుడు మైకు ముందు గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మైకు దాన్ని కరెంటు హెచ్చుతగ్గులుగా మారుస్తుంది. ఫోను లోపలి చిప్పు సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో వాటిని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. 16 బిట్ల రికార్డింగులో ఆ అంకె -32,768కీ 32,767కీ మధ్యే ఉండాలి. అంతకు మించిన శబ్దం వస్తే రాయడానికి అంకె లేదు కనుక ఆ చివరి అంకెనే మళ్లీ మళ్లీ రాస్తుంది. కుంచం మీద రాశిగా పోసిన వడ్లను కర్రతో గీసేస్తే, గీసేసినవెన్నో ఆ కుంచాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. ఇదీ అలాంటిదే. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

కనిగిరి దగ్గర ఒక పల్లెలో, గుడి ముందు కట్టిన గొట్టం మైకు కిందే నిలబడి ఎవరో తీసిన రికార్డింగు ఒకటి నా దగ్గరుంది. పెద్దాయన "రాండయ్యా" అని పిలుస్తాడు. ఆ "రా" దగ్గర సాఫ్ట్‌వేర్ తెరమీద గీసి చూపే శబ్దపు అలల బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే, సెకనులో వెయ్యోవంతులు ఏడింటికి ఒకసారి చొప్పున అల లేస్తూ ఉంటుంది. ఆయన స్వరపేటిక తెరుచుకుని మూసుకునే లయ అది. ప్రతి అలకూ గుండ్రంగా ఉండాల్సిన తల చదునుగా ఉంది. ఇరవై ముప్పై కొలతలు వరసగా ఒకే అంకె. ఆ చదును అంచుల దగ్గర అల ఒక్కసారిగా వంగడం వల్ల ఆయన గొంతులో లేని పై స్వరాలు పుట్టుకొస్తాయి. మనకు వినిపించే బరబర, గరగర అవే.

చాలామంది ఇక్కడ వాల్యూమ్ తగ్గిస్తారు. తగ్గిస్తే చదును తల కిందికి దిగుతుంది గానీ గుండ్రంగా మారదు. పైగా చిక్కొకటి తెచ్చిపెడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్లిప్పింగును ఎర్రగీతలతో చూపేది గరిష్ఠ అంకెను తాకినచోటే, వాల్యూమ్ తగ్గిస్తే ఆ గీతలు పోతాయి. ఇంకోలా కూడా ఇదే జరుగుతుంది. గొట్టం మైకు యాంప్లిఫయరే శబ్దాన్ని చదును చేసి పంపి, ఫోను దాన్ని తక్కువ స్థాయిలో రికార్డు చేసిందనుకోండి, ఒక్క ఎర్రగీతా కనపడదు, మాట మాత్రం పగిలే ఉంటుంది. అందుకే ఎర్రగీతలను నమ్ముకోకుండా బొమ్మను పెద్దది చేసి అలల తలలు చూడాలి. ఇంకో సంగతి. మెసేజింగ్ యాప్‌లలో వాయిస్ మెసేజీగా చేతులు మారిన ఫైలును సైజు తగ్గించడానికి కుదించి ఉండొచ్చు. ఆ కుదింపులో చదును తలలు కాస్త చెదిరి వంకరటింకర అవుతాయి. అప్పుడు బాగుచేసే పరికరానికి ఎక్కడ తెగిందో తెలియదు. కాబట్టి నేను ముందు అడిగేది మొట్టమొదట రికార్డయిన ఫైలునే. అది అవ్వ పాత ఫోనులో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఈ పనికి నేను వాడేది ఆడాసిటీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, 2000లో బయటికొచ్చింది. అందులో క్లిప్ ఫిక్స్ అనే పరికరం చదునుకు అటూ ఇటూ అల ఎంత ఏటవాలుగా ఎక్కుతోందో, ఎలా దిగుతోందో చూసి మధ్యలో ఒక వంపు గీస్తుంది. కొత్తగా గీసిన తలలు గరిష్ఠ అంకె అనే పాత కప్పును దాటి పైకి పోతాయి గనుక ముందుగా మొత్తం శబ్దాన్ని కిందికి దించుకుంటుంది. చదును నాలుగైదు కొలతల పొడుగే అయితే ఈ ఊహ నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. "రాండయ్యా" లాంటి చోట మోత తగ్గి చెవికి కాస్త ఓర్చుకునేట్టు అవుతుందే గానీ పెద్దాయన అసలు గొంతు తిరిగిరాదు. మిగతా ఏ మార్పు చేయకముందే ఈ పని చేయాలి. ముందే ఫిల్టర్లు వేస్తే చదును తలల ఆకారం మారిపోతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధతో మాటను తళతళలాడేట్టు చేసే పరికరాలొచ్చాయి. వేలాది గొంతులు విని నేర్చుకుని, తెగినచోట ఇలాంటి శబ్దం ఉండి ఉంటుందని కొత్తగా అల్లుతాయి. పెళ్లి వీడియోకు వాడుకోవచ్చు. కానీ కూలి లెక్కలు, పొలం హద్దులు, చనిపోయినవాళ్ల పేర్లు చెప్పిన రికార్డింగులో నేను వాటిని ఒప్పుకోను. అనుమానంగా వినిపించిన మాట అనుమానంగానే ఉండటం మేలు. పరికరం దాన్ని స్పష్టమైన వేరే మాటగా మార్చినా వినేవాళ్లకు తెలియదు.

ఇక అందని మాట సంగతి. మనవరాలు ఫోను తన నోటికి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, "అవ్వా, అప్పుట్లో కూలి ఎంతిచ్చేవాళ్లు?" అని అడుగుతుంది. అవ్వ 160 సెంటీమీటర్ల దూరంలో మంచం మీద కూర్చుని, "యాడిస్తార్మే" అని మొదలుపెడుతుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 20 నుంచి 160కి మూడు రెట్టింపులు, అంటే 18 డెసిబెల్స్. అవ్వ మాట వల్ల వచ్చే ఒత్తిడి మనవరాలి మాటలో ఎనిమిదో వంతే. నాలుగు గోడల మధ్య ప్రతిధ్వని వల్ల తేడా ఇంతకన్నా తగ్గుతుంది. భయపడాల్సిన పనిలేదు, 16 బిట్ల రికార్డింగులో అతి పెద్ద శబ్దానికీ అతి చిన్నదానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ చోటుంది. అవ్వ మాట పూర్తిగా అందులోనే ఉంది.

నార్మలైజ్ బటన్ నొక్కితే ఎందుకు పని జరగదో దీంతో తెలుస్తుంది. అది ఫైలు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద శబ్దం ఏదో చూసుకుని, అది కప్పును తాకేవరకే అందరినీ ఒకే లెక్కన పెంచుతుంది. మధ్యలో స్టీలు గ్లాసు కిందపడిన చప్పుడుంటే చాలు, అవ్వ పైకి రాదు. కంప్రెసర్ అనే పరికరం వేరేలా పనిచేస్తుంది, మనం పెట్టిన హద్దు దాటిన శబ్దాన్నే కుదిస్తుంది. ఇక్కడ కప్పును సున్నాగా పెట్టుకుని కిందికి లెక్కిస్తారు, అందుకే అంకెలకు మైనస్ గుర్తు. హద్దు -20 డెసిబెల్స్ దగ్గర పెట్టి, నిష్పత్తి 3కి 1 అంటే, -8 దగ్గరున్న మాట హద్దు మీద 12 ఉంది కదా, దాన్ని 4కు కుదించి -16 చేస్తుంది. పెద్దవి ఇలా దిగాక మొత్తాన్నీ ఎత్తితే చిన్నవీ చెవికందుతాయి.

అయితే కంప్రెసర్‌కు ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. అందుకే ముందు చేత్తో చేసే పని నాకిష్టం. మనవరాలి ప్రశ్నలను ఒక్కొక్కటిగా ఎంచి 10, 12 డెసిబెల్స్ దించుతాను. గ్లాసు చప్పుడును విడిగా అణిచేస్తాను. గంట రికార్డింగుకు పూటంతా పడుతుంది. ఆ తర్వాత కంప్రెసర్ కాస్త తగిలిస్తే చాలు.

తెలుగుకు సంబంధించి ఇక్కడొక జాగ్రత్త అవసరం. "అటు" అన్నా "అట్టు" అన్నా నాలుక చేసే పని ఒకటే, "అట్టు"లో అది పైన ఆనుకుని ఎక్కువసేపు ఆగుతుంది. "ఉప్పు"లో పెదాలు మూసుకున్న ఆ నిశ్శబ్దం సెకనులో పదో వంతుకు పైనే ఉంటుంది. ఒత్తక్షరం అయ్యేది ఆ ఖాళీ వల్లే. పెద్ద శబ్దం ఆగాక కంప్రెసర్ పట్టు వదిలే సమయం మరీ తక్కువ పెడితే, ఆ ఖాళీలోనే వాల్యూమ్ ఎగబాకి ఫ్యాను హోరు లోపలికి చొరబడుతుంది. అవ్వ "ఉప్పు" అన్నచోటల్లా నడుమ ఒక బుస్సు. వదిలే సమయాన్ని అర సెకను దాకా పెంచితే ఇది చాలావరకు పోతుంది.

హోరును కంప్రెసర్‌కు ముందే తగ్గించాలన్నదీ ఇందుకే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది. దానివల్ల రికార్డింగులో చేరే గుయ్‌మనే మోత (హమ్) 50లోనూ, 100, 150 లాంటి గుణిజాల్లోనూ ఉంటుంది. 80 హెర్ట్జ్ కిందిదంతా ఫిల్టర్‌తో తీసేస్తే గొంతుకు నష్టమేమీ లేదు, పాత టెలిఫోన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపినా జనం మాట్లాడుకున్నారు. ఫ్యాను మోతకు మాత్రం, ఎవరూ మాట్లాడని ఒక సెకను ముక్కను ఎంచి నమూనాగా ఇవ్వాలి. ఏ పౌనఃపున్యంలో ఎంత హోరుందో సాఫ్ట్‌వేర్ దానితో తెలుసుకుని అంతమేరకు అణుస్తుంది. ఇక్కడే అందరికీ ఆశ ఎక్కువవుతుంది. స, శ, ష శబ్దాలు కూడా స్వభావంలో హోరులాంటివే కావడంతో ముందుగా దెబ్బతినేవి అవే. 24 డెసిబెల్స్ తగ్గించిన ఒక ఫైలులో అవ్వ "సద్ది" "అద్ది"లా వినిపించింది, వెనకాల నీళ్లలో గాజులు కదిలినట్టు సన్నని మోత. 8, 10 దగ్గర ఆపితే ఫ్యాను కొంచెం మిగిలింది, "స" బతికింది.

జువ్వలదిన్నె ఒడ్డునో మైపాడు దగ్గరో తీసిన గాలి రికార్డింగులకు మాత్రం నేను ఆశపెట్టను. ఆ బుడబుడ దూరం నుంచి వచ్చిన శబ్దం కాదు, మైకు మీదే గాలి సుడులు తిరిగి పుట్టించేది. దాని దెబ్బకు అల కప్పును తాకితే, దాని మీద ఉన్న మాట కూడా తెగిపోతుంది. తీసేటప్పుడే మైకుకు స్పాంజి తొడిగి, గాలికి వీపు పెట్టి నిలబడాలి.

అసలు ఫైలును మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచండి, సవరణలన్నీ నకలు మీదే. అంతా అయ్యాక ఆ నకలును అవ్వ మాట ఎప్పుడూ వినని మనిషికిచ్చి, విన్నది విన్నట్టు రాయమనండి. తప్పు రాసినచోట అసలు ఫైలు తెరిచి ఆ మాటను మళ్లీ వినండి. అక్కడ సరిగ్గా వినపడుతుంటే ఆ కాసిన్ని సెకన్లకు మన సవరణ తీసేసి, హోరుతో సహా అసలు ముక్కనే పెట్టేయండి.