డబ్బాలో ఊగే పలుగురాయి

చిత్తూరు పక్క పల్లెలోని ఒక పాలకేంద్రం నుంచి పోయిన వేసవిలో ఒక తూకం మెషిన్ నా బల్ల మీదికొచ్చింది. తెచ్చినాయన సంచిలోంచి తీస్తూనే మొదలుపెట్టాడు. "ఏందో నా, తెర మీద బరువు సక్కంగానే చూపిస్తా ఉండాది. కంప్యూటర్లోకి పోతే మాత్రం పిచ్చి గుర్తులు పడతా ఉండాయి. రైతులు చీటీ చూసి నన్ను తిడతా ఉండారు." అంతకు కొన్నాళ్ల ముందు పిడుగుకు పోతే ఎక్కడో రిపేరు చేయించాడట.

మూత తీశాను. మెషిన్‌ను నడిపే చిప్, 8051 జాతి మైక్రోకంట్రోలర్, దాని పక్కన ఆ చిప్‌కు వేగం ఇచ్చే, వెండిలా మెరిసే చిన్న క్రిస్టల్ డబ్బా, దాని నెత్తిన 12.000 అన్న అంకె, అంటే 12 మెగాహెర్ట్జ్, సెకనుకు కోటి ఇరవై లక్షల ఊపులు. డబ్బా కాళ్ల దగ్గర టాంకా వేసేటప్పుడు పూసిన పేస్టు గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. బ్రష్‌తో తుడిస్తే బోర్డు మీద అచ్చువేసిన అసలు అంకె బయటపడింది: 11.0592.

దగ్గర్లోనే ఉంది కదా అని ఎవరో 12 వేసేశారు. బరువు చూపడానికి ఆ తేడా అడ్డం రాదు. కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడే తంటా. ఈ చిప్ క్రిస్టల్ వేగాన్ని 12తో, ఆపైన 32తో, చివరికి 3తో భాగించి సెకనుకు ఎన్ని బిట్లు (ఒకట్లు, సున్నాలు) పంపాలో తేల్చుకుంటుంది. 11.0592 మెగాహెర్ట్జ్‌ను అలా భాగిస్తే శేషం లేకుండా 9600 వస్తుంది. ఆ వంకర అంకె పుట్టిందే అందుకు. 12 మెగాహెర్ట్జ్ అయితే 10416. అవతల కంప్యూటర్ 9600 లెక్కన వింటోంది. ఎనిమిదిన్నర శాతం తేడా. మొదటి బిట్లు బాగానే అందుతాయి, ఐదారు దాటేసరికి సగం బిట్ పక్కకు జరిగిపోతుంది, అక్కడినుంచి అక్షరం చెడుతుంది. సరైన క్రిస్టల్ వేశాక చీటీలో అంకెలు అంకెలుగానే పడ్డాయి.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది? మన చేలగట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయి జాతిదే, క్వార్ట్జ్. కాకపోతే గట్టు మీద ఏరుకొచ్చింది కాదు. పెద్ద ఉక్కు పాత్రల్లో అధిక వేడి, ఒత్తిడి మధ్య వారాల తరబడి పెంచి, ఒక నిర్ణీత కోణంలో రేకులుగా కోసినది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌లో రేకు మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు, అంటే జిరాక్స్ కాగితమంత. ఇలాంటి స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో జాక్, పియర్ క్యూరీ సోదరులు కనుక్కున్నారు. దానికి కరెంటు పెడితే కాస్త వంగుతుంది కూడా. ఈ రెండు గుణాలనూ కలిపి, 1921లో అమెరికాలో వాల్టర్ కేడీ క్వార్ట్జ్‌తో నడిచే ఆసిలేటర్, అంటే ఒకే లయలో ఊగుతూ ఉండే సర్క్యూట్, తయారుచేశాడు.

అంటే అది బోర్డు మీద కూర్చున్న ఒక ఉయ్యాల. చిప్ లోపలి ఆంప్లిఫయర్ సరైన క్షణంలో తోస్తూ ఉంటే ఊగుతూ ఉంటుంది. ఆ తోపు వేళకు అందేలా చూసేవి రెండు కాళ్లకూ గ్రౌండ్‌కూ మధ్య ఉండే బుల్లి కెపాసిటర్లు. రెండూ 22 పికోఫారడ్లు (కెపాసిటర్ కొలత) అయితే క్రిస్టల్‌కు కనబడేది అందులో సగం, 11. ట్రాకులు, పిన్నుల వల్ల మరో నాలుగైదు కలుస్తాయి, ఆ మొత్తమే క్రిస్టల్ మీద లోడు. క్రిస్టల్ ఎంత లోడు అడుగుతుందో చూడకుండా చేతికందిన డిస్క్ కెపాసిటర్ వేస్తే వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. మరీ పెద్దది వేస్తే ఉయ్యాల కదలనే కదలదు.

నా బల్ల మీద చచ్చిన క్రిస్టల్స్ తక్కువ, అన్యాయంగా పీకేసినవి ఎక్కువ. మల్టీమీటర్ బీప్ అనలేదని పారేస్తారు. బాగున్న క్రిస్టల్ బీప్ అనకూడదు, బీప్ అందంటే లోపల షార్టే. కొందరు తరంగాన్ని తెర మీద చూపే ఆసిల్లోస్కోప్ ప్రోబ్‌ను నేరుగా క్రిస్టల్ కాలికి ఆనిస్తారు. 1ఎక్స్‌లో పెట్టిన ప్రోబ్ తనతో వంద పికోఫారడ్ల దాకా మోసుకొస్తుంది. ఉయ్యాల మీద పెద్దమనిషి ఎక్కి కూర్చున్నట్టే, ఊగేది కూడా ఆగిపోతుంది. అటూ ఇటూ కాని కేసులో ఇంకో వింత: వేలు పెడితే బోర్డు లేస్తుంది, తీస్తే పడుకుంటుంది. అప్పుడు అనుమానించాల్సింది కెపాసిటర్లను, టాంకాలను.

నేనైతే ముందు చిప్‌కు కరెంటు సరిగా అందుతోందా, రీసెట్ పిన్ చిప్‌ను ఆపిపెట్టకుండా వదిలిందా అని చూస్తా. కొన్ని చిప్‌లలో లోపలి ఆసిలేటర్‌నే వాడమని సెట్టింగ్ ఉంటుంది, అప్పుడు బయట క్రిస్టల్ ఉన్నా దాన్ని పట్టించుకోదు. ఆపైన రెండు కాళ్ల దగ్గర డీసీ వోల్టేజి. సప్లైలో సగం దగ్గర ఉంటే ఆంప్లిఫయర్ సిద్ధంగా ఉన్నట్టు, ఊగుతున్నట్టు కాదు. వేగం కొలవాలంటే క్రిస్టల్ జోలికి పోను. 8051లో ఏఎల్ఈ అనే పిన్ మీద క్రిస్టల్ వేగంలో ఆరో వంతు వస్తుంది. ఆ పాలకేంద్రం బోర్డు మీద ఫ్రీక్వెన్సీ కౌంటర్ పెడితే సరిగ్గా 2 మెగాహెర్ట్జ్ చూపింది, రావాల్సింది 1.8432.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర గాలి కదలికలను కొలిచే 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, 1024 యాంటెన్నాలతో. నెత్తిమీద గాలి సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తే, తిరిగొచ్చే తరంగంలో తేడా హెర్ట్జ్‌లో మూడో వంతు! 5 కోట్ల 30 లక్షల్లో అది. పంపేదానికీ వినేదానికీ లయ ఒక్కటే కావాలి, లేకపోతే గాలి ఏదో గడియారపు తప్పు ఏదో తెలియదు. ఆ దారిన పోయినప్పుడల్లా మా 12.000 గుర్తొచ్చి నవ్వొస్తుంది.

గడియారం క్రిస్టల్ వేరే జాతి. 32768 హెర్ట్జ్, అంటే పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒకటి. శ్రుతిదండంలా రెండు కొమ్ములతో ఉంటుంది, చాలా సున్నితం, కింద పడితే కొమ్ము విరగొచ్చు. దాని చుట్టూ నడిచే కరెంటు అణుమాత్రం కనక, తుడవని పేస్టు నవంబరు వానల తేమకు కాస్త వాహకమైనా చాలు, గడియారం నిలిచిపోతుంది. ఒకాయన ఏటా వానల్లోనే టైమర్ తెచ్చేవాడు, మూడేళ్లుగా ఎవరో ఒకరు క్రిస్టల్ మారుస్తూ వచ్చారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత పళ్ల బ్రష్ పట్టుకుని రుద్దాను. మళ్లీ రాలేదు.

ఎండాకాలంలో మాత్రం ఫోన్ చేశాడు, రోజుకో సెకను వెనకపడుతోందని. ఈ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర తన పూర్తి వేగంతో నడుస్తుంది, అటు చలికైనా ఇటు వేడికైనా మందగిస్తుంది. రేకుల షెడ్డులో 45 డిగ్రీలుంటే లెక్కకు రోజుకు 1.2 సెకన్లు తగ్గాలి. "అది బాగానే ఉందన్నా, ఎండకు అంతే," అన్నాను. "మరి నెలకోసారి తిప్పుకుంటాలే," అని పెట్టేశాడు.