తొమ్మిది చుక్కలు, కనపడని పెట్టె

ఆఫీసు మీటింగుల్లో ‘థింక్ అవుట్‌సైడ్ ద బాక్స్’ అన్న మాట మీరు వినే ఉంటారు. మూసలో పడకుండా కొత్తగా ఆలోచించమని దానర్థం. మరి ఆ బాక్స్ ఎక్కడిది?

కాగితం తీసుకుని మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టండి. పెన్సిల్ ఎత్తకుండా నాలుగే నాలుగు తిన్నని గీతలతో తొమ్మిది చుక్కలనీ కలపాలి. అమెరికన్ పజిళ్ల రచయిత శామ్ లాయిడ్ చనిపోయాక 1914లో వచ్చిన ఆయన పుస్తకంలోనే ఈ పజిల్ ఉంది. 1970ల ప్రాంతంలో అక్కడి మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్లు దీన్ని ట్రైనింగ్ క్లాసుల్లో తెగ వాడారు, ఆ మాట కూడా దీనితోపాటే పాకిందంటారు.

మొన్న మా మేనకోడలికి కరెంటు బిల్లు వెనకాల గీసి ఇచ్చాను. పై వరుసలో మూడో చుక్క రాగానే ప్రతిసారీ పెన్సిల్ కిందికి తిప్పేసింది. అక్కడ ఆగమని ఎవరూ చెప్పలేదు, చుక్కల చుట్టూ గోడేమీ లేదు. అయినా మన కళ్లు తొమ్మిది చుక్కలని కలిపి ఒక చతురస్రంగా చూస్తాయి, ఆ హద్దునే నియమం అనుకుంటాం. పెట్టె అంటే అదే.

జవాబు ఇదీ: మూడో చుక్క దాటి ఇంకొక్క అడుగు ముందుకెళ్లి, అక్కణ్ణుంచి ఏటవాలుగా ఎడమకి దిగుతూ రెండు చుక్కలు కలిపి, కింది వరుస కూడా దాటి, నిలువుగా పైకొచ్చి, మొదటి చుక్క నుంచి ఎదురు మూలకి గీత లాగాలి.

నన్ను నిజంగా ఆకట్టుకున్న విషయం వేరే ఉంది. 1981లో వైస్‌బర్గ్, ఆల్బా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘గీతలు చతురస్రం బయటికి వెళ్లాలి’ అని ముందే చెప్పేసి చూశారు. అయినా ఎక్కువమంది చెయ్యలేకపోయారు! అంటే హద్దు దాటమని చెబితే సరిపోదు, దాటాక ఎక్కడ తిరగాలో తెలియాలి. చుక్క లేనిచోట గీత తిప్పడం మనకి అలవాటు లేదు, చిన్నప్పటి నుంచీ చుక్క నుంచి చుక్కకే కలిపాం. అందుకే టీమ్‌కి ఊరికే ‘బాక్స్ బయట ఆలోచించండి’ అని చెప్పి వదిలేసే మేనేజర్లంటే నాకు బాధేస్తుంది.

మెలికల ముగ్గులో మాత్రం గీత చుక్క మీద ఆగదు, చివరి చుక్కని బయటి నుంచి చుట్టి వెనక్కొస్తుంది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఈ తొమ్మిది చుక్కలూ అమ్మ ముందు పెట్టి చూడాలి.