పక్షవాతం తర్వాత సగం చూపు: అపోహలు - వాస్తవాలు

ఉప్పల్ నుంచి వచ్చినా, మెహదీపట్నం నుంచి వచ్చినా, స్ట్రోక్ తర్వాత చూపు శిక్షణ ఇచ్చే నాతో ఇంటివాళ్లు అనే మొదటి మాట దాదాపు ఒకటే: "స్ట్రోక్ వచ్చాక నాన్నగారికి ఎడమ కన్ను పోయిందండీ."

అపోహ: ఒక కన్ను పోయింది.

వాస్తవం: ఒక్కో కన్ను మూయించి చూస్తాను. ఏ కంటితో చూసినా ఎడమ పక్కే కనబడదు. కళ్లు బాగానే ఉన్నాయి. దెబ్బ తిన్నది మెదడులో చూపుకి సంబంధించిన భాగం. మెదడు కుడివైపు దెబ్బతింటే రెండు కళ్లకూ ఎడమ సగం పోతుంది. దీన్నే హెమియానోపియా అంటాం. అందుకే అక్షరాల చార్టు చివరి వరుస దాకా చదివిన పెద్దాయన, బయటికి వెళ్తూ తలుపుకి భుజం కొట్టుకుంటారు. ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంతమేర కనబడుతోందో చూసే పరీక్ష) తప్పనిసరిగా చేయించండి.

అపోహ: అద్దాలు మారిస్తే, శుక్లం తీయిస్తే సరిపోతుంది.

వాస్తవం: అవి అవసరమైతే చేయించాల్సిందే. పోయిన సగం మాత్రం వాటితో రాదు. కనబడని పక్క ఉన్నవాటిని కనబడే వైపుకి జరిపి చూపించే ప్రిజమ్ అద్దాలు కొందరికి పనికొస్తాయి, అవీ అలవాటయ్యాకే.

అపోహ: ఆరు నెలలు దాటాయి, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చూపు దానంతటది తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి 3 నెలల్లో, నిజమే. కానీ మేం నేర్పేది వేరు: కనబడని వైపుకి కళ్లను వేగంగా, దూరంగా తిప్పి వెతకడం. అది ఏడాది తర్వాతైనా మొదలుపెట్టొచ్చు. ఇంట్లో బల్ల మీద స్పూన్లు, మాత్రల డబ్బాలు పరిచి వెతికించండి, రోజూ కాసేపు. ఎడమ పక్క చూపు పోయినవాళ్లకు పేపర్ చదివేటప్పుడు ఎడమ అంచున ఎర్ర రిబ్బన్ పెట్టండి. అది కనబడేదాకా కళ్లు తిప్పితే వరుస మొదలు దొరుకుతుంది. కుడి పక్క చూపు పోయినవాళ్లకు చదవడం ఇంకా కష్టం, ముందున్న అక్షరాలే కనబడవు కదా. వాళ్లకు మాట చివరిదాకా చూపు జరపడం విడిగా నేర్పాలి.

అపోహ: కంచంలో సగం అన్నం వదిలేస్తున్నారు, మొండితనం.

వాస్తవం: దయచేసి కసరకండి. కొందరికి ఆ పక్క ఒకటుందన్న ధ్యాసే పోతుంది. అది వేరే సమస్య, దాని శిక్షణ కూడా వేరు.

బండి నడపడం మాత్రం డాక్టర్ చెప్పేదాకా వద్దు. మన రోడ్లు దాటేటప్పుడు బండ్లు ముందు వచ్చేది కుడి నుంచి. కుడి పక్క చూపు లేనివాళ్లను ఒంటరిగా పంపకండి. వెంట నడిచేటప్పుడు మీరు చూపు లేని పక్కనే ఉండండి.