ఎంతలో ఎంత? ఒక లెక్కల సారు రాసుకున్న అపోహలు, వాస్తవాలు

హనుమకొండకు అరగంట దూరంలో ఉన్న ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదో తరగతి పుస్తకంలో సంభావ్యత (ప్రాబబిలిటీ) 13వ అధ్యాయం, సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) 14వది, అంటే చివరి రెండు. పెళ్లి భోజనంలో ఆఖరి బంతికి కూర్చున్నోళ్లకు చారే మిగిలినట్టు, వీటికీ అదే గతి. సంక్రాంతి సెలవులు అయిపోయాక, ప్రీ ఫైనల్ టెన్షన్ మొదలయ్యాక, "ఇవి ఈజీ, మార్కులు గ్యారంటీ" అని గబగబా దంచేస్తాం. మార్కులు నిజంగానే వస్తాయి. అపోహలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి, పిల్లల్లోనే కాదు, వాళ్ల అమ్మానాన్నల్లో, ఒట్టు, మా స్టాఫ్ రూంలో కూడా.

అపోహ: సగటు చెప్పేస్తే సంగతి మొత్తం తెలిసిపోయినట్టే.

పది మంది రైతులున్న ఒక చిన్న గూడెం అనుకోండి. తొమ్మిది మందికి తలా రెండెకరాలు, ఒక్కాయనకు 42 ఎకరాలు. మొత్తం 60, సగటు ఆరెకరాలు, అది అంకమధ్యమం. ఆ గూడెంలో ఆరెకరాల ఆసామి ఒక్కడు కూడా లేడు! వరసగా నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్లను అడిగితే రెండెకరాలు అంటారు, అది మధ్యగతం. ఎక్కువ మందికి ఎంతుంది అంటే అదీ రెండే, అది బాహుళకం. మూడూ సగటులే, మూడు వేరే ప్రశ్నలకు జవాబులు. పిల్లలకు మూడు సూత్రాలూ నోటికొస్తాయి, ఏది ఎప్పుడు అడగాలో అడిగితే మాత్రం బోర్డు దిక్కు చూస్తారు.

బాహుళకం అనే మాట పుస్తకంలోనే ఉంటుంది, బయట ఎక్కడా పనికిరాదు అని ఒక పిల్లవాడు అన్నాడు. వాళ్ల నాన్న ఆ వారమే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లి చిన్నబోయి వచ్చాడు. పేపర్లో చూసిన ధర వేరు, చేతికొచ్చింది వేరు. పేపర్లో పడేది ఎక్కువగా జెండా పాట. పొద్దున్నే మంచి సరుకున్న ఒక రాశి దగ్గర పాట పాడితే పలికే ధర అది. మిగతా బస్తాలకు రంగు, తేమ, తాలు చూసి అక్కడి నుంచి కిందికి దిగుతారు. అంటే మనం పేపర్లో చదివేది గరిష్ఠ విలువ. మార్కెట్ ధరల పట్టికలో కనిష్ఠ, గరిష్ఠ పక్కన ఇంకో గడి ఉంటుంది, "మోడల్ ధర" అని. చాలామంది దాన్ని మోడల్ అంటే నమూనా అనుకుంటారు, ఇంగ్లీషులో modal, model వేరైనా తెలుగులో రాస్తే రెండూ ఒక్క తీరుగానే ఉంటాయి మరి. అది పదో తరగతిలో మనం చెప్పే బాహుళకం. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో చెప్పే అంకె. బండి కట్టే ముందు చూడాల్సింది ఆ గడిని. ఈ సంగతి చెప్పాక ఆ పిల్లవాడు నోట్‌బుక్ అట్ట వెనుక రాసుకున్నాడు, సూత్రాన్ని కాదు, గడి పేరును.

ఇక్కడే ఒక చిన్న మాట. బాహుళకం = 3 మధ్యగతం − 2 అంకమధ్యమం అని చెప్పి బట్టీ పట్టిస్తాం కదా, అది నియమం కాదు, ఒక పక్కకు ఒక మాదిరిగా ఒరిగిన దత్తాంశాల్లో (అంకెల గుంపుల్లో) సుమారుగా నప్పే సంబంధం మాత్రమే. మన గూడెం అంకెలు పెట్టి చూడండి: 3×2 − 2×6 = −6. బాహుళకం మైనస్ ఆరెకరాలు!

అపోహ: రెండు సగటులుంటే కలిపి సగం చేస్తే సరి.

పది క్వింటాళ్లు 7,000 చొప్పున, రెండు క్వింటాళ్లు 6,400 చొప్పున అమ్మితే సగటు ధర 6,700 కాదు. మొత్తం 82,800 రూపాయలు, 12 క్వింటాళ్లు, అంటే 6,900. అడ్తిదారు దగ్గర తప్పు చేస్తే క్వింటాలుకు రెండొందలు పోతాయి. హనుమకొండ నుంచి కరీంనగర్ 70 కిలోమీటర్లు అనుకుందాం, పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు వానలో రెండు గంటలు. వేగాలు 70, 35. సగటు 52.5 అని క్లాసు మొత్తం అరుస్తుంది. 140 కిలోమీటర్లు, మూడు గంటలు, 47 కూడా లేదు.

అపోహ: ఎన్ని రకాలుగా పడొచ్చో అన్నిటికీ సమాన అవకాశం.

దీని మీద నేనే దెబ్బ తిన్నాను, అందుకే కాస్త వివరంగా చెప్తా. అష్టాచెమ్మ ఆడని ఊరు మా దిక్కు లేదు. నాలుగు గవ్వలు, లేకపోతే బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు. తెల్లవి ఎన్ని పడితే అన్ని గళ్లు, నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. పడేవి ఐదు రకాలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది. కాబట్టి ఒక్కోదానికి ఐదింట ఒక వంతు అని పిల్లలు రాసేస్తారు. ఆడేటప్పుడు మాత్రం ఎవరూ అలా నమ్మరు, రెండు పడినంత తరచుగా అష్ట పడదని ఏడేళ్ల పిల్లకు కూడా తెలుసు.

ఒక్కో గింజకు రెండు దిక్కులు, నాలుగు గింజలకు 16 తీర్లు. అన్నీ తెల్లవి ఒక్క తీరు, అన్నీ నల్లవి ఒక్క తీరు, ఒకటి తెల్లది నాలుగు తీర్లు, మూడు తెల్లవి నాలుగు, రెండు తెల్లవి ఆరు. అందుకే రెండు ఎక్కువగా పడుతుంది, 16లో 6. చెమ్మ, అష్ట చెరి 16లో 1. బోర్డు మీద ఇంత అందంగా వేసి, చేతులు దులుపుకుంటుంటే వెనుక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల అడిగింది: "సార్, గింజ ఒక దిక్కు చదునుగ, ఒక దిక్కు ఉబ్బుగ ఉంటది గదా, రెండు దిక్కులు సమానంగ ఎట్ల పడతది?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లు నాణేనికి చెప్పిందే గింజకూ చెప్పాను. మర్నాడు ఎవరి గింజలు వాళ్లు తెచ్చుకుని వరండాలో కూర్చుని ఒక్కో గింజను వందసార్లు వేశారు, ఏ రెండు గింజలూ ఒకే లెక్క చూపించలేదు. పదిసార్లలో ఆరుసార్లు తెల్లగా పడే గింజలు నాలుగు దొరికాయనుకోండి, చెమ్మ అవకాశం 0.6ను నాలుగుసార్లు గుణిస్తే దాదాపు 0.13, అంటే సుమారు ఎనిమిదిసార్లు వేస్తే ఒకసారి. అష్ట మాత్రం 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.026, సుమారు నలభైసార్లు వేస్తే ఒకసారి. ఆటకు ముందు "ఎవరి గింజలతో ఆడుదాం" అని ఎందుకు కొట్లాడతారో నాకు అప్పుడు అర్థమైంది. పుస్తకంలో "నిష్పాక్షిక నాణెం" అని రాసి ఉండే ఆ మొదటి మాటను మేం చదవకుండా దాటేస్తాం, లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది.

అపోహ: ఇన్నిసార్లు ఓడింది, ఈసారి గెలవాల్సిందే.

2023 నవంబర్ ప్రపంచకప్ ఫైనల్ నుంచి 2025 మార్చి ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ దాకా వన్డేల్లో మన జట్టు వరుసగా 15 టాసులు ఓడింది. మొదలుపెట్టే ముందు అడిగితే దాని సంభావ్యత 32,768లో 1. కానీ 14 ఓడాక పదిహేనోది ఓడే అవకాశం? సగమే. నాణేనికి జ్ఞాపకం ఉండదు, మొన్న ఎవరు ఓడారో దానికి తెలియదు. మా పోరలు మాత్రం ప్రతి మ్యాచ్‌కూ "ఇయ్యాల పక్కా సార్" అన్నారు. టాస్ వరకైతే నవ్వుకోవచ్చు, ఇదే నమ్మకంతో ఫోన్లో బెట్టింగ్ ఆడే అన్నలు కూడా ఊర్లో ఉన్నారు.

దీనికి తోడు ఇంకోటి: పదిసార్లు వేస్తే ఐదు బొమ్మలు రావాలి అనే పట్టు. సరిగ్గా ఐదు వచ్చే అవకాశం 1024లో 252, అంటే పావు. నలభై మంది క్లాసులో సుమారు పది మందికే వస్తుంది. మిగతావాళ్లు తప్పు చేశామేమో అని భయపడి దిద్దుకుంటారు. ఇంటి దగ్గర వందసార్లు నాణెం వేసి రాసుకు రమ్మంటే ఎవరు వేశారో, ఎవరు కూర్చుని కల్పించారో చూడగానే చెప్పేయొచ్చు. నిజంగా వేసిన వందలో ఆరు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వరుసగా ఒకే వైపు పడటం పదింట ఎనిమిదిసార్లు కనిపిస్తుంది. కల్పించేవాళ్లకు వరుసగా నాలుగు బొమ్మలు రాయడానికే చెయ్యి రాదు.

అపోహ: వందేళ్లకోసారి వచ్చే వరద వచ్చిపోయింది, ఇంకో వందేళ్లు ఢోకా లేదు.

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది, అదే రోజు మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. తర్వాత నెలలో మా ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన అన్న మాట: "ఇగ మన జన్మల రాదు." వందేళ్ల వరద అంటే ప్రతి ఏడాదీ వందలో ఒక్క అవకాశం ఉన్న వరద, అంతే. ఇల్లు కట్టుకుని 30 ఏళ్లు అందులో ఉంటే ఒక్కసారి కూడా రాకుండా ఉండే అవకాశం 0.99ను 30 సార్లు గుణిస్తే 0.74. వచ్చే అవకాశం 26 శాతం, అంటే పావుకు పైనే. వాగు పక్కన ప్లాటు కొనేవాళ్లు ఈ గుణకారం ఒక్కసారి చేయాలి.

శాతాల గురించి రెండు ముక్కల్లో. దుకాణం బోర్డు మీద "50 + 20 శాతం తగ్గింపు" అంటే 70 కాదు, వెయ్యి ఐదొందలై, అందులో ఇరవై శాతం పోయి నాలుగొందలు, అంటే 60. ఇరవై శాతం పెరిగి ఇరవై శాతం తగ్గితే వంద 96 అవుతుంది. ఎంతలో ఇరవై అని అడగకపోతే ఇవేవీ అర్థం కావు.

అపోహ: చుక్క కనిపిస్తే దశాంశమే.

ఆరో తరగతి నుంచి దశాంశాలు చెప్తాం, కానీ ఇంట్లో ఉండే పట్టా పాస్‌బుక్‌లో 2.20 అని ఉంటే అది 2.2 ఎకరాలు కాదు, రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, కాబట్టి అది రెండున్నర ఎకరాలు. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండు సర్వే నంబర్లలో ఉన్న 1.25, 1.25 కలిపి 2.50 అని తాతకు చూపించాడట. తాత నవ్వి, "ఎకరంల యాభై గుంటలుంటయారా ఎక్కడన్న? మూడెకరాల పది గుంటలు," అని కాగితం ముట్టకుండానే చెప్పాడట.

మర్నాడు ఆ పిల్లవాడే వచ్చి, "సార్, అట్లయితే 17.3 ఓవర్లు కూడ గట్లనేనా?" అన్నాడు. గట్లనే. పదిహేడు ఓవర్ల మూడు బంతులు, అంటే పదిహేడున్నర. 140 పరుగులను 17.3తో భాగిస్తే క్యాలిక్యులేటర్ 8.09 చూపిస్తుంది, టీవీలో మాత్రం రన్ రేట్ 8.00 అని ఉంటుంది. ఇన్ని రోజులు వాడు టీవీ వాళ్లదే తప్పనుకున్నాడట.