ఎన్‌సీ క్లోజయింది.. మరి చెరువు సంగతి?

నెల్లూరు జిల్లా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ‘ఎన్‌సీ’ అంటే టెన్షన్. నాన్ కన్ఫార్మిటీ అన్నమాట. విదేశీ కొనుగోలుదారు తరఫున వచ్చిన ఆడిటర్ లోపం కనిపెడితే రాసిచ్చే కాగితమిది. లోపం ఎందుకొచ్చింది, ఎలా సరిచేశారు, మళ్లీ రాకుండా ఏం చేశారు అన్నది గడువులోగా ఆధారాలతో చూపిస్తేనే అది ‘క్లోజ్’ అవుతుంది. ఇన్నేళ్లుగా ఇలా క్లోజ్ చేస్తూనే ఉన్నా యాంటీబయాటిక్ అవశేషాల బెడద పోలేదు. ఎందుకో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1994లో తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరాన చెరువులను ఊడ్చేసింది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కానీ అప్పు తెచ్చి చెరువు వేసిన రైతు, గట్టు పక్కన రొయ్యలు తేలుతుంటే చూస్తూ కూర్చోలేడు. షాపులో ఏ డబ్బా ఇస్తే అది నీళ్లలో కలిపే అలవాటు ఆ భయంలోనే పెరిగింది.

నిబంధనలు మాత్రం ముందు ఫ్యాక్టరీల మీదికి వచ్చాయి. 1997లో యూరోపియన్ యూనియన్ ప్లాంట్లలో శుభ్రత చాలదని మన సరుకు ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సీఫుడ్‌కు ‘హ్యాసప్’ (ఆహార తయారీలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) తప్పనిసరి చేసింది. దాని ఏడు సూత్రాల్లో దిద్దుబాటు చర్య ఒకటి. ఆ దెబ్బతో ప్లాంట్లు నిజంగానే బాగుపడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

నిషేధించిన నైట్రోఫ్యురాన్లనే యాంటీబయాటిక్‌ల సంగతి వేరు. వాటి అవశేషాలు రొయ్య మాంసంలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటాయి. ఎంత కడిగినా, గడ్డకట్టించినా, ఉడికించినా పోవు. అంటే ప్లాంటులో సరిచేయడానికి ఏమీ లేదు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక సాగు విపరీతంగా పెరిగింది. 2016లో యూరప్ మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది.

ఒక లాట్ ఫెయిలైతే ప్లాంటు ఏం రాస్తుంది? ‘ఆ రైతు దగ్గర కొనడం ఆపేశాం’ అని. ఎన్‌సీ క్లోజ్! ఆ రైతు తర్వాతి పంట ఇంకో ఏజెంటుకు అమ్ముకుంటాడు. ఆడిట్ ముందురోజు చెరువు పుస్తకాలు నింపడం చూశాను. మూడు నెలల మేత, మందుల లెక్క ఒకే పెన్నుతో, కూర్చున్న చోటే రాసేశారు. చెరువులో రొయ్యలు పట్టే ముందు ఎంపెడా (కేంద్రం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబ్‌లో చేసే పరీక్ష మంచిదే. కానీ అందులో దొరికేసరికి పంట చేతికొచ్చేసి, మేత బాకీ నెత్తిమీద ఉంటుంది.

మేత, మందు అరువిచ్చేది ఎవరు, డబ్బా ఏ షాపు నుంచి వచ్చింది, జబ్బు మొదలైన రోజు రైతు ఎవరిని అడిగాడు? ఎన్‌సీ కాగితంలో ‘మూలకారణం’ అన్న గడిలో రాయాల్సింది ఇవి. ఇప్పుడు అక్కడ ‘రైతుకు అవగాహన లేకపోవడం’ అని రాసి పంపుతున్నారు.