ఇన్సూరెన్స్ లేకుండా ఎమర్జెన్సీకి వస్తే: బిల్లు గురించి అపోహలు - వాస్తవాలు

నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లో బిల్లింగ్ కౌంటర్ పనిలో నాకు పన్నెండేళ్లు దాటాయి. ఎక్కువగా నైట్ డ్యూటీలే. అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చి ఆగగానే నా చూపు వెనకాల ఆటోలో దిగే ఇంటివాళ్ల మీదకు పోతుంది. తరువాతి అరగంటలో నా అద్దం ముందు నిలబడేది వాళ్లే. ఫోన్ చెవికి ఆనించుకుని "అన్నా, ఓ యాభై వేలు సర్దగలవా" అని అడుగుతూనే, మేం చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేస్తుంటారు. వాళ్లలో చాలామంది కట్టక్కర్లేని డబ్బు కూడా కట్టి వెళ్లడం చూశాను. ఎక్కువసార్లు దానికి కారణం ఆ అరగంటలో పక్కనున్నవాళ్లు చెప్పిన ఏదో ఒక తప్పు మాట. నేను తరచుగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అడ్వాన్స్ కడితేగానీ పేషెంట్‌ని ముట్టుకోరు.

వాస్తవం: ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలి, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అదే బాధ్యత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ బాధ్యత ప్రాణం నిలబెట్టడం వరకు. ఆ తరువాత ఆపరేషన్, ఐసీయూ అన్నీ ఉచితమని దాని అర్థం కాదు. మొదట చేసిన చికిత్సకు కూడా బిల్లు వస్తుంది, కాకపోతే తరువాత వస్తుంది. అందుకని ఇద్దరుంటే ఒకరు పేషెంట్ దగ్గర, ఒకరు కౌంటర్ దగ్గర ఉండండి. "ముందు చూడండి సార్, డబ్బు సంగతి నేను మాట్లాడతా" అని గట్టిగా చెప్పండి. అడ్వాన్స్ అడిగితే ఉన్నంత కట్టి రసీదు తీసుకోండి. ఒక్కరే వచ్చినవాళ్లు మాత్రం నగ తాకట్టు పెట్టి వస్తామని పేషెంట్‌ని వదిలి వెళ్లొద్దు. షుగర్ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని డాక్టరు అడిగితే చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

అపోహ: రోడ్డు ప్రమాదమని చెబితే పోలీసు కేసవుతుంది. ఇంట్లో జారిపడ్డాడని చెప్పడమే మంచిది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ అబద్ధమే. కావలి దగ్గర హైవే మీద బైకును లారీ గుద్దితే ఒక కుర్రాడిని రాత్రి తీసుకొచ్చారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగిపోయి, ఆ చిరుగులో కంకర నలుసులు రక్తంతో అంటుకుని ఉన్నాయి. వాళ్లన్న మాత్రం "మేడ మెట్ల మీద జారాడు" అని రాయించాడు. బండికి ఇన్సూరెన్స్ అయిపోయింది, స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందేమో, అదీ ఆయన టెన్షన్. క్యాజువాలిటీ డాక్టరు రెండుసార్లు అడిగారు, ఆయన మాట మార్చలేదు. మూడో రోజు బిల్లు లక్ష దాటాక నా దగ్గరకొచ్చి, "ఇప్పుడు నిజం చెబితే ఏమన్నా తగ్గుతుందా మేడం" అన్నాడు. అప్పటికి కేసు షీటు నిండా మెట్లే ఉన్నాయి.

ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) అంటే మీ మీద పెట్టే కేసు అని చాలామంది అనుకుంటారు. ప్రమాదంలో వచ్చిన మనిషి గాయాలను ఆసుపత్రి రాసిపెట్టి, పోలీసులకు సమాచారం ఇవ్వడమే ఎమ్మెల్సీ. ఆ కాగితం మీకు రక్షణ. 2025 మేలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స ఖర్చు దీని కింద వస్తుంది. గాయపడినవాళ్లకు సొంత హెల్త్ పాలసీ ఉండాల్సిన పని లేదు. అయితే అది రోడ్డు ప్రమాదమే అని పోలీసులు నిర్ధారించాలి. ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉండాలి, లేకపోతే ప్రాణం నిలబెట్టేంతవరకు చేసిన చికిత్సకే వర్తిస్తుంది. కాబట్టి 112కి ఫోన్ చేసినప్పుడే ఏ ఆసుపత్రికి వెళ్లాలో అడగండి, కౌంటర్‌లో కూడా మొదటే అడగండి. గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయినా, తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షల పరిహారం చట్టంలో ఉంది. "మెట్లు" అని రాయించాక వీటిలో ఏదీ అడగలేరు.

గాయపడినవాళ్లని దారిన పోతూ చూసి తెచ్చినవాళ్లు కూడా భయపడక్కర్లేదు. పేరు చెప్పమని, సాక్షిగా ఉండమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షన్ ఉన్నది మీకోసమే.

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉండిపోయింది, ఇక పనికిరాదు.

వాస్తవం: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. జాబితాలో ఉన్న ఆసుపత్రిలో దానికి ప్రత్యేకంగా ఒక డెస్క్, ఆ పథకం పనులు చూసే ఒక వైద్యమిత్ర ఉంటారు. ఎమర్జెన్సీలో ఫోన్ మీద అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది, కాగితాలు తరువాత ఇవ్వొచ్చు. రైస్ కార్డు ఫొటో, ఆధార్ నంబరు ఇంట్లోవాళ్లని వాట్సాప్‌లో పంపమంటే సరిపోయిన సందర్భాలు ఎన్నో చూశాను. డెస్క్ దగ్గర ఎవరూ లేకపోతే 104కి ఫోన్ చేయండి.

ఇక్కడ మూడు విషయాలు బయటివాళ్లకు తెలియవు. మొదటిది, ఒక ఆసుపత్రి పథకంలో ఉందంటే అన్ని జబ్బులకూ ఉందని కాదు. గుండెకు ఉండి ఎముకలకు లేకపోవచ్చు. "మా నాయనకి తలకు దెబ్బ, దీనికి మీ దగ్గర ఉందా" అని జబ్బు పేరు చెప్పి అడగండి. రెండోది, డబ్బు కట్టే పేషెంటుగా చేరాక, సగం చికిత్స అయ్యాక పథకంలోకి మారడం చాలా కష్టం. అందుకే అడ్మిషన్ ఫారం నింపేటప్పుడే చెప్పాలి. మూడోది ముఖ్యం. "పథకం వద్దు, మా సొంత ఖర్చుతోనే చేయించుకుంటాం" అని ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. అది చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది, మిగతా అడ్మిషన్ కాగితాల మధ్యలో ఉంటుంది. సంతకం పెట్టే ముందు "ఇందులో ఏముంది, తెలుగులో చెప్పండి" అని అడగండి. అడిగితే చెప్పని స్టాఫ్‌ని నేను పెద్దగా చూడలేదు, అడిగేవాళ్లే తక్కువ.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేసే అమ్మాయిలకు ఒక మాట. పే స్లిప్‌లో జీతంలో 0.75 శాతం ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) అని కట్ అవుతుంటే, మీరు ఇన్సూరెన్స్ లేనివాళ్లు కారు. మీ ఈఎస్ఐ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అపోహ: పెద్దాసుపత్రికి (ప్రభుత్వ ఆసుపత్రికి) పోతే ప్రాణం మీద ఆశ వదులుకున్నట్టే.

వాస్తవం: పాము కాటు సంగతే చూడండి. మన వరి మళ్లల్లో, చెరువు గట్ల మీద అది ఎప్పుడూ ఉండే ప్రమాదమే. విషానికి విరుగుడు ఇంజెక్షన్ మొదటి విడతలోనే పది వైల్స్ (చిన్న మందు సీసాలు) దాకా ఎక్కించాల్సి వస్తుంది, ప్రైవేటులో ప్రతి వైల్‌కీ డబ్బు పడుతుంది. అదే మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పీహెచ్‌సీల్లో, సీహెచ్‌సీల్లో కూడా పెడతారు. దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీ దాటి గంట ప్రయాణం చేసి పొగతోటకి తీసుకొచ్చినవాళ్లను చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు సంగతి సరే, ఆ గంట ఎవరిస్తారు? 108కి ఫోన్ చేస్తే మందు ఉన్న దగ్గరి చోటు వాళ్లకు తెలుస్తుంది. నెల్లూరు జీజీహెచ్, ఒంగోలు రిమ్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు. అక్కడ రద్దీ ఉంటుంది, బెడ్ కోసం తిరగాల్సి రావచ్చు, అది నిజమే. అయినా ప్రాణం కుదుటపడ్డాక ప్రైవేటు నుంచి అక్కడికి మార్చమని అడగడం తప్పు కాదు. నాలుగో రోజు అప్పు పుట్టక అడిగేకన్నా, రెండో రోజే డాక్టరుతో నేరుగా చెప్పండి: "సార్, మా శక్తి ఇంతే. మార్చడానికి వీలవుతుందా, ఎప్పుడు?"

అపోహ: డిశ్చార్జి రోజు ఫైనల్ బిల్లు చూసుకుంటే చాలు.

వాస్తవం: ఆ రోజుకి చూడటానికి ఏమీ మిగలదు. ఇంటికి పోవాలన్న తొందరలో ఎవరూ నాలుగు పేజీలు చదవరు. ప్రతి సాయంత్రం "ఇవాల్టికి ఎంతయింది, ఐటమ్ వారీగా ప్రింట్ ఇవ్వండి" అని కౌంటర్‌లో అడగండి. ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు) చెబితే రెండు నిమిషాల పని.

అందులో ముందు ఫార్మసీ చూడండి. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్త డిశ్చార్జి రోజు మంచం కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల సీలు తీయని సెలైన్ బాటిళ్లు మూడు, ఒక ఖరీదైన యాంటీబయాటిక్ వైల్స్ నాలుగు, గ్లౌజుల ప్యాకెట్. డాక్టరు మందు మార్చారు, పాతది ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. "ఇంటికి పట్టుకుపోనా అమ్మా, వాడుకోవచ్చా" అని అడిగింది. నేను ఆ కవరు ఫార్మసీకి పంపి రిటర్న్ రాయించాను, బిల్లులో వేలల్లో తగ్గింది. ఆవిడ అడగకపోతే అది నాకూ తెలిసేది కాదు. వాడని మందులు సీలుతో ఉంటే రిటర్న్ అడగండి, డిశ్చార్జికి ముందే.

తరువాత రూము. ప్రైవేటు రూము తీసుకుంటే చాలాచోట్ల అద్దె ఒక్కటే పెరగదు. డాక్టరు విజిట్, నర్సింగ్, కొన్ని టెస్టులు కూడా ఆ రూము రేటుకే పడతాయి. "ఏసీ ఉంటే బాగుంటుంది కదా" అని చుట్టాలు అంటే ఈ లెక్క చెప్పండి. ఐసీయూలో ఉన్న రోజుల్లో వార్డు బెడ్ ఛార్జీ కూడా పడిందేమో చూడండి. గుండె రక్తనాళంలో పెట్టే స్టెంట్‌కు కేంద్రం 2017 ఫిబ్రవరి నుంచి గరిష్ఠ ధర పెట్టింది, బిల్లులో దాని ధర విడిగా కనిపించాలి. పెట్టిన స్టెంట్ తాలూకు స్టిక్కర్ మీ ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. మందులు, టెస్టులు బయట తెచ్చుకునే హక్కు కూడా మీకుంది, జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అది స్పష్టంగా ఉంది. అయితే అర్ధరాత్రి ఐసీయూలో ఉన్న మనిషి మందు కోసం ఊరంతా తిరగమని నేను చెప్పను. నిలకడ పడ్డాక రోజూ వాడే మందుల దగ్గర ఆ హక్కు పనికొస్తుంది.

అపోహ: బిల్లు తగ్గించమని అడగడం పరువు తక్కువ.

వాస్తవం: అడగండి. కాకపోతే మమ్మల్ని అడిగితే లాభం లేదు, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు రూపాయి తగ్గించే అధికారం ఉండదు. చికిత్స చేసిన డాక్టరు ఒక మాట రాస్తే, లేదా మేనేజ్‌మెంట్‌లో ఒకరు సరేనంటే తగ్గుతుంది. ఫైనల్ బిల్లు మూసేయకముందు వెళ్లాలి.

అపోహ: డబ్బు కట్టేవరకు పేషెంట్‌ని, మృతదేహాన్ని కూడా ఆపేసే హక్కు ఆసుపత్రికి ఉంది.

వాస్తవం: లేదు. బిల్లు గొడవ ఉన్నా పేషెంట్‌ని ఇంటికి తీసుకెళ్లే హక్కు, చనిపోతే మృతదేహాన్ని తీసుకెళ్లే హక్కు ఇంటివాళ్లకు ఉందని అదే రోగుల హక్కుల పత్రం చెబుతోంది. బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. ఎంత కట్టారు, ఎంత మిగిలింది, ఎప్పటికి కడతారు అని రాసి, రెండు కాపీల మీద సంతకాలు పెట్టి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. తేదీ వేయని చెక్కు, ఖాళీ ప్రామిసరీ నోటు ఇవ్వొద్దు. వినకపోతే డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకి, పోలీసులకి చెప్పండి. బిల్లు అన్యాయంగా ఉందనిపిస్తే తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు.

అపోహ: ఎమ్మెల్యే లెటరు పెడితే సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి మొత్తం వెనక్కి వస్తుంది.

వాస్తవం: వచ్చేది ఎక్కువసార్లు కొంత భాగమే, అదీ నెలలు పట్టొచ్చు. ఆ నమ్మకంతో నూటికి మూడు వడ్డీకి అప్పు తేవద్దు. అప్లై మాత్రం తప్పకుండా చేయండి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. ఒరిజినల్స్ ఒకసారి ఇస్తే మళ్లీ చేతికి రావు. మా ఆసుపత్రి గేటు ఎదురుగానే జిరాక్స్ షాపు ఉంది. డిశ్చార్జి అయి ఆటో ఎక్కేముందే అక్కడ ఆగి, ప్రతి పేజీ రెండు సెట్లు తీయించుకుని వెళ్లండి.